తోడేలు మనిషికి కేస్ షీట్

పున్నమి రాత్రి మనిషి తోడేలుగా మారతాడన్న కథ వందల ఏళ్లుగా భయపెడుతూనే ఉంది. ఆ కథల వెనక నిజంగా ఉన్నది ఎవరో ఒక రోగి. ఆ రోగి మన ఇంట్లోనూ ఉండవచ్చు.

1996 వేసవి. ఉత్తరప్రదేశ్ తూర్పు జిల్లాలైన ప్రతాప్‌గఢ్, సుల్తాన్‌పూర్, జౌన్‌పూర్ పల్లెల్లో రాత్రిపూట ఆరుబయట మంచాల మీద పడుకున్న పిల్లలు మాయమవడం మొదలైంది. కొన్ని నెలల్లోనే ముప్పై మందికి పైగా పిల్లలు చనిపోయారు. ఇది తోడేళ్ల పని అని అధికారులు చెబుతున్నా ఊళ్లు నమ్మలేదు. దానికి 'మనయి' అని పేరు పెట్టుకున్నాయి. సగం మనిషి, సగం తోడేలు. తమ్ముణ్ని ఎత్తుకుపోతుంటే కళ్లారా చూసిన పదేళ్ల పాప విలేకరులకు వర్ణించి చెప్పింది కూడా. నాలుగు కాళ్ల మీద వచ్చిందట. తమ్ముణ్ని పట్టుకోగానే మనిషంత ఎత్తు లేచి నిలబడి, వాణ్ని భుజాన వేసుకుందట. ఒంటి మీద నల్లకోటు, తలకు హెల్మెట్, కళ్లకు అద్దాలు ఉన్నాయట.

పాప అబద్ధం చెప్పిందని నేను అనుకోను. ఆ సంగతికి కాసేపట్లో వద్దాం. ఆ తర్వాత జరిగింది మాత్రం ఘోరం. ఊళ్లోకి కొత్తవాళ్లు వస్తే చాలు, 'మనయి' అనుకుని జనం వెంటపడ్డారు. పిల్లల్ని చంపింది తోడేలైతే, ఈ అమాయకుల్ని కొట్టి చంపింది భయం.

డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థకు చెందిన శాస్త్రవేత్త యాదవేంద్రదేవ్ ఝాలా అక్కడికి వెళ్లి ఒక్కో దాడినీ విడిగా పరిశీలించారు. అడుగుజాడలు, గాయాలు, వెంట్రుకలు అన్నీ తోడేలునే చూపించాయి. నాకు బాగా గుర్తుండిపోయింది ఆ అధ్యయనంలోని ఇంకో సంగతి. అడవిలో తోడేలుకు తిండి కరవైంది. ఊళ్లో మేకలకూ గొర్రెలకూ కాపలా గట్టిగా ఉంది. కాపలా లేనిది నిరుపేదల పిల్లలకే. గుడిసెకు తలుపు కూడా లేని ఇళ్లు అవి. 2024లో అదే రాష్ట్రంలోని బహ్రైచ్ జిల్లాలో తోడేళ్లు మళ్లీ పిల్లల మీద పడినప్పుడు టీవీల్లో మనం చూసిన ఇళ్లూ అలాంటివే.

హెల్మెట్ ఎక్కడి నుంచి వచ్చింది?

ఐదేళ్ల తర్వాత, 2001 మేలో ఢిల్లీలో 'మంకీ మ్యాన్' పుట్టుకొచ్చాడు. కరెంటు కోతలు, ఉక్కపోత, మేడల మీద పడకలు. అర్ధరాత్రి ఏదో నల్లటి ఆకారం వచ్చి గోళ్లతో చీరుతోందని పోలీసులకు వందల కొద్దీ ఫోన్లు వచ్చాయి. ఒకరికి అది కోతిలా కనిపించింది, ఇంకొకరికి మనిషిలా. ఇనుప గోళ్లున్నాయని, కళ్లు మెరుస్తున్నాయని, చిత్రంగా ఇక్కడ కూడా తలకు హెల్మెట్ ఉందని చెప్పారు. పోలీసులు ఊహాచిత్రాలు గీయించి, పట్టిస్తే బహుమతి ఇస్తామన్నారు. 'వచ్చింది వచ్చింది' అన్న కేకలకు బెదిరి పరుగెత్తుతూ మేడల మీద నుంచి, మెట్ల మీద నుంచి పడి చనిపోయినవాళ్లున్నారు. చివరికి మానసిక వైద్యులు, ఫోరెన్సిక్ నిపుణులు బాధితులతో మాట్లాడి, గాయాలు చూసి, అలాంటి జంతువేదీ లేదని తేల్చారు.

గ్రామఫోన్ కాలం నాటి దెయ్యానికి తెల్లచీర ఉండేది. మోటారు సైకిళ్ల కాలం నాటి వింతజీవికి హెల్మెట్ వచ్చింది. చీకట్లో మన కన్ను రంగునూ వివరాన్నీ సరిగా పట్టుకోలేదు. ఖాళీ మిగిలిన చోటును మెదడు తనకు తెలిసిన బొమ్మలతో నింపేస్తుంది. భయం తోడైతే ఆ పని మరీ వేగంగా జరుగుతుంది. తర్వాత పదిమంది అడిగిన ప్రశ్నలకు జవాబు చెబుతూ చెబుతూ ఉంటే ఆ బొమ్మే జ్ఞాపకంగా గట్టిపడుతుంది. తమ్ముణ్ని పోగొట్టుకున్న పదేళ్ల పిల్ల చెప్పింది అబద్ధం కాదని అందుకే అన్నాను. ఇక మెరిసే కళ్లంటారా, తోడేలుకు, కుక్కకు, పిల్లికి కంటి వెనక అద్దంలాంటి పొర ఉంటుంది. టార్చి వేస్తే పచ్చగా మెరవాల్సిందే.

మనకూ ఒక ఉదాహరణ ఉంది. 2017లో విశాఖపట్నంలో కట్టుబడిలో ఉన్న భవనంలో 'గ్రహాంతర జీవులు' దొరికాయని ఒక వీడియో ఫోన్ల నిండా తిరిగింది. తెల్లటి ముఖాలు, పెద్ద కళ్లు, మనుషుల్లా నిటారుగా నిలబడిన మూడు ఆకారాలు. తీరా చూస్తే అవి ఇంకా ఈకలైనా సరిగా రాని గుడ్లగూబ పిల్లలు.

అర్ధరాత్రి మెలకువ వచ్చి, కాలూ చెయ్యీ కదలక, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు, గది మూలన ఎవరో నిలబడ్డట్టు అనిపించిందని చెప్పేవాళ్లు నా ఓపీకి తరచుగా వస్తారు. ఎక్కువగా హాస్టల్ పిల్లలు, నైట్ షిఫ్టు చేసేవాళ్లు. ఇది నిద్ర పక్షవాతం. పేరు విని కంగారు పడకండి, అసలు పక్షవాతానికీ దీనికీ సంబంధం లేదు. కలలు వచ్చే నిద్రలో మన కండరాలను మెదడే కదలకుండా ఆపుతుంది, లేకపోతే కలలో పరుగెత్తినప్పుడల్లా మంచం మీద నుంచి పడిపోతాం. ఒక్కోసారి మెలకువ ముందు వచ్చేస్తుంది, కండరాలు నిమిషం ఆలస్యంగా లేస్తాయి. ఆ నిమిషంలో కల కళ్లముందే నడుస్తుంది. వందలో ఏడెనిమిది మందికి జీవితంలో ఒక్కసారైనా ఇది వస్తుంది. వేళకు నిద్ర, వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోవడం చాలామందికి సరిపోతాయి. తరచూ వస్తున్నా, దానితోపాటు పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొస్తున్నా డాక్టరుకు చూపించుకోవాలి. తాయెత్తు కడితే తగ్గిందని కొందరంటారు. తాయెత్తు కట్టాక ధైర్యంగా, త్వరగా పడుకుని ఉంటారు.

కోర్టు పిలిచిన వైద్యులు

తోడేలు మనిషి కథకు పుట్టిల్లు యూరప్. ఫ్రాన్స్‌లోని జెవోదాన్ కొండ ప్రాంతంలో 1764 నుంచి 1767 వరకు మూడేళ్లపాటు ఒక మృగం వంద మంది దాకా పొట్టన పెట్టుకుంది. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది పశువులు కాసుకునే ఆడవాళ్లు, పిల్లలు. రాజు పదిహేనో లూయీ తన వేటగాణ్ని పంపేంత దాకా వెళ్లింది వ్యవహారం. అంతకు రెండు వందల ఏళ్ల ముందు నాటి సంగతులు ఇంకా భయంకరం. 1589లో జర్మనీలోని బెడ్‌బుర్గ్‌లో పీటర్ స్టంప్ అనే రైతును తోడేలు మనిషిగా తేల్చి, నేను రాయడానికి ఇష్టపడనంత క్రూరంగా చంపారు. చిత్రహింసల బల్ల మీద పెట్టి ఒప్పించిన నేరం అది. ఆ బల్ల ఎక్కిస్తే ఎవరైనా తోడేలునని ఒప్పుకుంటారు.

అయితే ఆ చీకటి కాలంలోనే నాలాంటివాళ్లు తలెత్తుకునే రెండు తీర్పులు ఉన్నాయి. 1598లో ఫ్రాన్స్‌లోని ఆంజే దగ్గర జాక్ రూలే అనే బిచ్చగాడు ఒక బాలుడి శవం దగ్గర్లో, నెత్తురంటిన చేతులతో, చిరిగిన బట్టలతో పట్టుబడ్డాడు. తానే తోడేలునన్నాడు. కింది కోర్టు మరణశిక్ష వేసింది. పారిస్‌లోని పై కోర్టు దాన్ని కొట్టేసి, రెండేళ్లు పిచ్చాసుపత్రిలో ఉంచమంది. ఐదేళ్ల తర్వాత బోర్డో దగ్గర జాన్ గ్రెనియే అనే పద్నాలుగేళ్ల పిల్లాడు తోడేలు తోలు కప్పుకుని పిల్లల్ని తిన్నానని ఊరంతా చెప్పుకు తిరిగాడు. కోర్టు వైద్యులను పిలిపించి పరీక్ష చేయించింది. వయసుకు తగ్గ బుద్ధి ఎదగని పిల్లాడని, తోడేలుగా మారడమన్నది వాడి భ్రమ అని తేల్చి, చంపకుండా మఠంలో ఉంచమంది. 1603లో వచ్చిన తీర్పు అది. నాలుగు వందల ఏళ్లు గడిచినా, మంత్రగత్తె అన్న అనుమానంతో ఒక ముసలమ్మను చెట్టుకు కట్టి కొట్టారన్న వార్త మన పేపర్లో చదవాల్సి వస్తోంది.

నిజానికి వైద్యులకు ఈ సంగతి అంతకు ముందే తెలుసు. ఏడో శతాబ్దపు గ్రీకు వైద్యుడు పాల్ ఆఫ్ ఈజినా, రాత్రిళ్లు సమాధుల దగ్గర తోడేళ్లలా తిరిగేవాళ్ల గురించి రాస్తూ అది మనోవ్యాధి అని, వైద్యం చేయాలని చెప్పాడు. ఇవాళ దీన్ని క్లినికల్ లైకాంత్రపీ అంటాం. బోస్టన్ దగ్గరి మెక్‌లీన్ ఆసుపత్రి వైద్యులు పన్నెండేళ్ల కాలంలో తమకు ఎదురైన ఇలాంటి 12 మంది రోగుల వివరాలను 1988లో ప్రచురించారు. అందరూ తోడేళ్లు కాలేదు. పిల్లి, కుందేలు, పక్షి అయినవాళ్లు కూడా ఉన్నారు. ఎక్కువమందిలో అడుగున ఉన్న జబ్బు బైపోలార్, అంటే ఉద్రేకం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే జబ్బు. మిగిలిన కొందరిలో స్కిజోఫ్రీనియా లాంటివి. వాటికి మందులున్నాయి.

ఇంట్లో ఎవరైనా తన ఒళ్లు మారిపోతోందని, తనలో వేరే జీవి ఉందని అంటే రెండు పనులు చేయకండి. 'పిచ్చి మాటలు మానెయ్' అని వాదించవద్దు, ఎందుకంటే ఆ అనుభవం వాళ్లకు నిజం. 'అవునవును' అని తాళం కూడా వేయవద్దు. 'నీకు భయంగా ఉన్నట్టుంది, డాక్టరు దగ్గరికి వెళ్దాం' అంటే చాలు.

ఎవరికి, ఎప్పుడు కనిపించింది?

భూతవైద్యుడు అడిగే ప్రశ్న 'ఎవరు పట్టారు' అని. నేను అడిగేది 'ఎప్పటినుంచి' అని. జవాబు చాలావరకు దానిలోనే ఉంటుంది.

చదువుకునే అమ్మాయి. నిన్నటిదాకా బాగుంది. వారం పది రోజుల్లో నిద్ర పోయింది, మాట మారింది, అరుస్తోంది, కరవబోతోంది, నోరు, చేతులు వింతగా తిప్పుతోంది, మధ్యలో ఒకసారి ఫిట్స్ వచ్చాయి. ఇంట్లో అందరికీ అది పూనకంలాగే అనిపిస్తుంది. మెదడు వాపుల్లో ఒక రకం అచ్చం ఇలాగే ఉంటుంది. శరీరంలోని రోగనిరోధక శక్తే మెదడులోని ఎన్‌ఎండీఏ గ్రాహకాల మీద దాడి చేస్తుంది. వైద్యలోకం దీన్ని స్పష్టంగా గుర్తుపట్టింది 2007లోనే. ఆడపిల్లల్లో ఎక్కువ, ఒక్కోసారి అండాశయంలోని చిన్న గడ్డ దీనికి మూలం. సమయానికి స్టెరాయిడ్లు, ఇతర మందులు ఇస్తే ఎక్కువమంది కోలుకుని మళ్లీ కాలేజీకి వెళ్తారు. గుడి చుట్టూ, దర్గా చుట్టూ తిప్పుతూ పోగొట్టే ప్రతి వారం ఆ అమ్మాయి మెదడు నుంచి తీసుకున్నదే. దేవుణ్ని మొక్కుకోండి, ఎవరూ వద్దనరు. మొక్కు తీర్చడం మాత్రం న్యూరాలజిస్టుకు చూపించాక పెట్టుకోండి.

రోజూ తాగే మనిషి ఏ కారణం చేతనో ఒక్కసారిగా మానేశాడు. రెండు మూడు రోజులకు చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, గోడ మీద పురుగులు, మంచం కింద జంతువులు కనిపిస్తాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి కల్లు, మద్యం దుకాణాలు మూసేసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు కట్టిన వరసలు గుర్తున్నాయా? వాళ్లలో చాలామంది ఇలాంటివాళ్లే. ఇది ప్రాణం తీయగల స్థితి. ఇంట్లో గదిలో పెట్టి తాళం వేయడం కాదు, అదే రోజు ఆసుపత్రికి తీసుకురావాలి.

ఇక పెద్దవాళ్లు. 'డాక్టరుగారూ, మా అత్తయ్యకు పొద్దు గూకగానే ఇంట్లో కుక్కపిల్లలు తిరుగుతున్నట్టు కనిపిస్తోందండీ, ఎవరికీ చెప్పొద్దంటోంది' అని ఒక కోడలు గొంతు తగ్గించి చెబుతుంది. చూపు బాగా తగ్గినవాళ్లకు, కంటి నుంచి సమాచారం రాక మెదడు సొంతంగా బొమ్మలు తయారు చేసుకోవడం ఉంది. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త షార్ల్ బోనే తన తాతగారిలో ఇది చూసి 1760లో రాశాడు, అందుకే ఆ స్థితికి ఆయన పేరే ఉంది. బుద్ధి చెక్కుచెదరదు, కనిపించేవి నిజం కాదని పెద్దావిడకూ తెలుసు. మతి చెడిందంటారేమోనన్న భయంతోనే దాచుకుంటుంది. శుక్లం ఆపరేషన్‌తో ఇవి పోయినవాళ్లున్నారు. జంతువులు కనిపించడంతోపాటు నడక నెమ్మదించడం, నిద్రలో కేకలు, మతిమరుపు ఉంటే అది వేరే జబ్బు కావచ్చు. రెండు రోజుల్లోనే మొదలైతే మూత్రంలో ఇన్‌ఫెక్షన్, సోడియం తగ్గడం, కొత్తగా వేసుకుంటున్న మందు, ఈ మూడూ ముందు చూస్తాం.

నాన్న జుట్టు మందు, పాప ఒంటి మీద వెంట్రుకలు

ఇక తోడేలు రూపం సంగతి. ఒళ్లంతా, ముఖమంతా పొడుగు వెంట్రుకలతో పుట్టడం అనే జన్యులోపం ఉంది. చాలా చాలా అరుదు. పదహారో శతాబ్దంలో కానరీ దీవుల్లో పుట్టిన పెత్రుస్ గొన్సాల్వుస్‌ను పదేళ్ల వయసులో ఫ్రాన్స్ రాజుకు కానుకగా పంపారు. రాజు ఆ పిల్లాడికి చదువు చెప్పించాడు, లాటిన్ నేర్పించాడు. పెద్దయ్యాక పెళ్లయింది, పిల్లల్లో కొందరికి తండ్రి పోలికే వచ్చింది. కూతురు ఆంటోనియెట్టా బొమ్మను లవీనియా ఫొంటానా అనే చిత్రకారిణి గీసింది. పట్టుగౌను వేసుకుని, చేతిలో కాగితం పట్టుకుని చూస్తున్న పాప. ఒక నిమిషం చూస్తే వెంట్రుకలు మర్చిపోతాం, పాపే మిగులుతుంది.

మన ఇళ్లకు సంబంధించిన సంగతి వేరే ఉంది. 2019లో స్పెయిన్‌లో పదిహేను మందికి పైగా పసిపిల్లలకు ఉన్నట్టుండి నుదురు, బుగ్గలు, చేతుల మీద వెంట్రుకలు మొలిచాయి. విచారిస్తే, కడుపులో యాసిడ్‌కు ఇచ్చిన సిరప్‌లో ఒమెప్రజోల్ బదులు మినాక్సిడిల్ కలిసిందని తేలింది. బట్టతల మీద జుట్టు మొలవడానికి రాసుకునే మందు అది. ఆపగానే పిల్లలు మామూలుగా అయ్యారు. ఆ తర్వాత స్పెయిన్‌లోని నవర్రా నుంచి ఇంకో రకం కేసు బయటికి వచ్చింది. పాప ఒంటి మీద, కాళ్ల మీద వెంట్రుకలు పెరుగుతున్నాయి, పరీక్షలన్నీ బాగున్నాయి. చూసుకుంటున్నది తండ్రి, ఆయన తలకు మినాక్సిడిల్ రాసుకుంటున్నాడు. ఆయన మానేశాక కొన్ని నెలల్లో పాపకు తగ్గిపోయింది. యూరప్‌లో ఇలాంటివి మరికొన్ని నమోదయ్యాక, మందు డబ్బాలోని కాగితంలో హెచ్చరిక చేర్చమన్నారు.

మన దగ్గర ముప్పై దాటని కుర్రాళ్లు కూడా ఈ మందును ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నారు. వాడేవాళ్లు రాసుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి. తల ఆరే దాకా పాపను ఎత్తుకోవద్దు, తలగడ పంచుకోవద్దు, మీ తలను నాకే, నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే మరీ జాగ్రత్త. పాప గుండె మీద కూడా ఆ మందు ప్రభావం ఉండే అవకాశం ఉంది. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, అవయవ మార్పిడి తర్వాత ఇచ్చే సైక్లోస్పోరిన్ కూడా వెంట్రుకలు పెంచుతాయి. అలాగని మీ అంతట మీరు ఆపవద్దు.

పోర్ఫిరియా అనే రక్త సంబంధ జబ్బే తోడేలు మనిషి కథకు మూలమని 1964లో ఒక బ్రిటిష్ వైద్యుడు రాసినప్పటి నుంచి ఆ మాట పత్రికల్లో తిరుగుతూనే ఉంది. ఎండ పడక రాత్రి తిరుగుతారు, చర్మం పుండ్లు పడుతుంది, వెంట్రుకలు పెరుగుతాయి, కనుక తోడేళ్లట. నాకు నచ్చని వాదన. ఆ జబ్బు అంత అరుదు, ఆ రోగులు ఎవరినీ కరవరు. ఉన్న బాధ చాలక ఈ పేరు కూడా మోయాల్సి వస్తోంది వాళ్లకు.

పున్నమి సంగతి అడుగుతారని తెలుసు. 'అమావాస్యకూ పున్నమికీ ఎక్కువవుతుందండీ' అని వారానికి ఒకరైనా చెబుతారు. 2000 డిసెంబరు నాటి బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఒకే సంచికలో రెండు పరిశోధనలు వేసింది. పున్నమి రోజుల్లో జంతువులు కరిచి ఆసుపత్రికి వచ్చేవాళ్లు ఎక్కువని ఇంగ్లండ్ నుంచి ఒకటి, కుక్కకాట్లకూ పున్నమికీ ఏ సంబంధమూ లేదని ఆస్ట్రేలియా నుంచి ఒకటి. మీకు నచ్చినది తీసుకోండి. కుక్క మాత్రం తిథి చూసి కరవదు.

కరిస్తే మారిపోతాడు

తోడేలు మనిషి కథలో నేను తీసిపారేయలేని ముక్క ఒకటుంది. కరిస్తే కరిపించుకున్నవాడూ మారిపోతాడన్నది. అది రేబిస్ చూసిన జనం చెప్పిన మాటలా ఉంటుంది నాకు.

కొన్నేళ్ల క్రితం ముప్పై ఏళ్ల రైతును మా వార్డుకు తెచ్చారు. అంతకు ముందు మూడు రోజులు ఒక భూతవైద్యుడి దగ్గర ఉంచారు. 'గాలి సోకింది సార్, నీళ్లిస్తే గొంతు పట్టేస్తోంది' అంది భార్య. ఫ్యాను వేస్తే ఒళ్లంతా ఉలిక్కిపడుతున్నాడు. గ్లాసు చూస్తేనే మెడ కండరాలు బిగుస్తున్నాయి, గొంతు బొంగురుపోయి అరుపు మొరిగినట్టు వస్తోంది. 'ఈ మధ్య కుక్కగానీ పిల్లిగానీ కరిచిందామ్మా?' అన్నాను. ఆమె చాలాసేపు ఆలోచించి, రెండు నెలల కింద వీధి కుక్కపిల్ల పంటితో గీరిందని, పసరు కట్టించామని, పుండు మానిపోయిందని చెప్పింది. ఈ జబ్బులో అన్నిటికన్నా కష్టమైనది ఏమిటంటే, ఆ దాడులకూ దాడులకూ మధ్య మనిషి పూర్తి తెలివిలో ఉంటాడు. 'గేదెకు ఎవరు గడ్డి వేస్తున్నారు' అని ఆయన భార్యను అడిగాడు. తోడేలు మళ్లీ మనిషి అయిందని కథల్లో చెప్పేది ఈ కాసేపునేనేమో. మర్నాడు సాయంత్రం చనిపోయాడు. లక్షణాలు మొదలయ్యాక రేబిస్‌కు మందు లేదు. ఏటా మన దేశంలో 5,700 మందికి పైగా దీనితో చనిపోతున్నారని ఐసీఎంఆర్ సర్వే అంచనా.

కరిచిన చోటి నుంచి వైరస్ నరం పట్టుకుని మెల్లగా మెదడుకు పాకుతుంది. మామూలుగా ఒకటి నుంచి మూడు నెలలు. ఆ గడువే మనకు దొరికిన అవకాశం. 1886 మార్చిలో రష్యాలోని స్మోలెన్స్క్ ప్రాంతం నుంచి 19 మంది పారిస్‌లో లూయీ పాశ్చర్ దగ్గరికి వెళ్లారు. పిచ్చిపట్టిన తోడేలు కరిచినవాళ్లు. ఫ్రెంచిలో వాళ్లకు తెలిసిన మాట 'పాశ్చర్' ఒక్కటేనట. అప్పటికి రెండు వారాలు దాటిపోయినా 16 మంది బతికి ఇంటికి వెళ్లారు. తోడేలు కరిచిన మనుషులు మనుషులుగానే ఉండిపోయిన తొలి కథ అది.

ఇవాళ అంత దూరం వెళ్లక్కర్లేదు. కరిచినా, గోటితో గీరినా, పుండు మీద నాకినా ముందు చేయాల్సింది పంపు కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగడం. గడియారం చూసుకోండి, పదిహేను నిమిషాలు మనం అనుకునేదానికన్నా చాలా ఎక్కువ. తర్వాత అయోడిన్ మందు రాయండి. కారం, సున్నం, పసుపు, నూనె, పసరు ఏదీ వద్దు. కట్టు కట్టవద్దు, కుట్లు వేయించడానికి తొందరపడవద్దు.

అదే రోజు ఆసుపత్రికి రండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీకా ఉచితం. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, 28వ రోజు. మొదటి డోసు వేసిన రోజును సున్నాగా లెక్కపెట్టాలి. కండకు ఇచ్చే పద్ధతిలో 14వ రోజు కూడా కలిపి ఐదు. రక్తం వచ్చేలా కరిస్తే టీకా ఒక్కటే చాలదు, ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందును గాయంలోకే ఎక్కించాలి. టీకా పని మొదలు పెట్టడానికి వారం పైన పడుతుంది, ఆ లోపల కాపు కాసేది ఇదే. చాలామంది అడగకుండా వెళ్లిపోతారు. అడగండి. తల, ముఖం, మెడ, చేతివేళ్ల మీద కాటైతే మరీ పట్టుబట్టి అడగండి.

బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లన్న భయం ఇంకా ఉంది. ఆ పాత టీకా తయారీ మన దేశంలో 2004తోనే ఆగిపోయింది. ఇప్పుడు వేసేది భుజానికే. గర్భిణులూ వేయించుకోవచ్చు, పాలిచ్చే తల్లులూ వేయించుకోవచ్చు. వంకాయ, మాంసం మానేసే పత్యం ఏదీ లేదు. 'మా పెంపుడు కుక్కేనండీ, పది రోజులు చూద్దాం' అంటారు. చూడండి, కానీ టీకా మొదలుపెట్టి చూడండి. కుక్క పది రోజులకూ బాగానే ఉంటే మిగతా డోసుల సంగతి డాక్టరు చెబుతారు.

పిల్లలు తిడతారని కాటును దాచిపెడతారు. సెలవులకు అమ్మమ్మగారి ఊరు వెళ్లి వచ్చినవాళ్లకు స్నానం చేయించేటప్పుడు కాళ్లు, పిక్కలు, చేతులు ఒకసారి చూడండి. గీత కనిపిస్తే కోప్పడకుండా అడగండి.

డోసుల్లో ఎక్కువమంది ఎగ్గొట్టేది 28వ రోజుది. అప్పటికి గాయం మానిపోయి ఉంటుంది, కుక్క సంగతి ఇంట్లో అందరూ మర్చిపోయి ఉంటారు. ఓపీ చీటీ మీద రాసిన ఆ తేదీని ఇంటికి వెళ్లగానే గోడ మీది క్యాలెండర్‌లో గుండ్రంగా చుట్టి పెట్టుకోండి.